సున్నాకు పంచిన జిలేబీలు

ఆ రోజుల్లో నాకు కనిపించనిది లోకంలోనే లేదని నా గట్టి నమ్మకం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లందరికీ ఉండే జబ్బే అనుకోండి, నాకు కాస్త ముదిరింది. హైటెక్ సిటీలో మందుల కంపెనీల కోసం పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే ఆఫీసు మాది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నడక మంచిదేనా అన్నదానిమీద వ్యాసాలు తీయడం నా మొదటి పని. ఆ ప్రశ్నను చక్కని ఇంగ్లీషు వాక్యంగా కూర్చి (బడిలో ప్రశ్న పూర్తిగా రాయకపోతే మార్కులు కోసేవారు), ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టి మరీ డేటాబేస్‌లో కొట్టాను. సున్నా వచ్చింది. మళ్లీ కొట్టినా సున్నానే. అంటే ఇంతవరకూ ఎవరికీ ఈ ఆలోచనే రాలేదన్నమాట! హఫీజ్‌పేట్‌లో ఇంటికెళ్లి అదే చెప్పాను. బాలానగర్ వర్క్‌షాపులో లేత్ మెషిన్ నడిపే నాన్న మర్నాడు కిలో జిలేబీలు కొని, "దునియాల ఎవ్వరికి తెల్వని సంగతి మా బిడ్డ పట్టింది" అంటూ తోటివాళ్లకు పంచి, నాకు ఫోన్లో చెప్పాడు.

అదే రోజు నా రిపోర్టు మా సీనియర్ అక్క చేతికి వెళ్లింది. ఒకప్పుడు కాకినాడ వైపు నర్సుగా చేసిన మనిషి. ఆవిడ నవ్వలేదు, అందుకే భయమేసింది. "ఆసుపత్రి రికార్డు రూముకెళ్లి కథంతా చెబితే ఫైలిస్తారా అమ్మా? పేరు, వార్డు అడుగుతారు" అంటూ నా వాక్యాన్ని విడగొట్టింది. అచ్చం ఆ వాక్యమే ఉన్న వ్యాసాల్ని మాత్రమే వెతకమనే కొటేషన్లు తీసేసింది. మోకాళ్ల నొప్పికి డాక్టర్లు వాడే పేర్లన్నీ, ఏదున్నా సరేననే 'ఆర్'తో ఒక గుంపు చేసింది, నడకకున్న పేర్లన్నీ ఇంకో గుంపు. రెండు గుంపులూ ఉండాల్సిందేనని మధ్యలో 'యాండ్' పెట్టి కొడితే వ్యాసాలతో తెర నిండిపోయింది. "లేదనడం చాలా పెద్ద మాటమ్మా. ఎలా వెతికావో రాశాకే ఆ మాట రాయాలి" అంది.

నాకు మాత్రం జిలేబీలు తిన్నవాళ్ల ముందు నాన్న తలెత్తుకోవడమెలా అని ఏడుపొచ్చింది. సాయంత్రం గ్రీజు చేతులు కడుక్కుంటున్న ఆయనకు మెల్లగా చెప్పాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"అయితే, నడిస్తె మంచిదేనంటనా?"

"అవును నాన్నా, చానామంది రాసిన్రు."

"ఇగ ఫికరేంది బిడ్డా? లేదంటెనే కిలో తెచ్చిన. దొరికింది గద, రెండు కిలోలు తేవాలె" అని నవ్వుతూ మెట్లెక్కాడు. ఒక్కో మెట్టుకూ మోకాలు పట్టుకుంటున్నాడు.

ఇప్పుడు కొత్త పిల్లలు సున్నా వచ్చిందంటూ మెరిసే కళ్లతో నా బల్ల దగ్గరికొస్తారు. నవ్వను (అక్క నేర్పిన మర్యాద). కొటేషన్లు తీసి చూడమంటాను. లోకమంతా వెతికి వచ్చి, మా ఇంట్లోనే ఉన్న మోకాలిని చూడలేకపోయిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది.