బాణం బొమ్మ వేసిన ఉత్తరం

"చైను ముక్కలు యాడున్నయి?" అని అడిగాడు మా ఆయన.

"జర్దా డబ్బల ఉన్నయి. నువ్వు లేచినంక మళ్ల పెట్టుకుందువు," అన్నాను.

"నువ్వే పెడుదువు తియ్," అని కండ్లు మూసుకున్నాడు.

కామారెడ్డి దవాఖానాలో మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. దేవుడి పేరు గానీ, నన్ను గురించి ఒక మంచిమాట గానీ ఏదీ లేదు. చేతి గడియారం చైను సంగతి మాట్లాడి పోయాడు మనిషి. అప్పుడు నాకు కోపం వచ్చింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే, ఇంతకన్నా మంచిమాట ఆయన ఇంకేం చెప్పి ఉండేవాడులే అనిపిస్తుంది. ఆ సంగతి మీకు అర్థం కావాలంటే నేను కొంచెం వెనక్కి పోవాలి.

పోయిన ఆదివారం మా వదిన మనవరాలు ఎల్లారెడ్డి వచ్చింది. వదిన అంటే మా ఆయనకు సొంత అక్క, ఆమె పోయి చాలా ఏండ్లయింది. ఈ పిల్ల కామారెడ్డిలో చదువుకుంటోంది. తాత గడియారం తను పెట్టుకుంటానని అంతకుముందే అడిగి తీసుకుపోయి, చైను కురచ చేయించడానికి కామారెడ్డిలో నాలుగు దుకాణాలు తిరిగిందట. అందరూ పాత చైను, ముక్కలను కలిపే పుల్లలు తుప్పు పట్టాయి, తోలు బెల్టు వేసుకో అన్నారట. మొహం వేలాడేసుకుని వచ్చింది. నేను నవ్వి, పీట తెమ్మన్నాను, మేకు తెమ్మన్నాను. చాయ తాగేంతసేపట్లో రెండు ముక్కలు తీసి దాని చేతికి సరిపెట్టాను. అది నా మొహం చూసి, ఇది నీకు ఎవరు నేర్పారని అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పు, రాస్తానని కూర్చుంది. నాకు సంతకం వరకే వచ్చు, బస్సు బోర్డు మీద ఎల్లారెడ్డి అని ఉంటే పోల్చుకుంటాను, అంతే. అందుకని నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

ఎనభైల మొదట్లో మా దిక్కున ఇంటికొక మగమనిషి దుబాయో మస్కటో పోయాడు. ఆడవాళ్లం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. మీలో చుట్టినవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు, తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, ఇనుప పుల్లతో మూతి ముడవడం, వెన్ను విరిగిపోయేది. మా ఆయన మొదటిసారి మస్కటు పోయి వచ్చినప్పుడు స్టీలు చైను గడియారం ఒకటి తెచ్చుకున్నాడు. ఎంత మురిపెం దాని మీద! స్నానానికి పోయేటప్పుడు కూడా నా చేతికిచ్చి పోయేవాడు, గూట్లో పెట్టేవాడు కాదు. అయినా రెండోసారి పోయేటప్పుడు దాన్ని నాకే విడిచిపోయాడు. అక్కడ సిమెంటు పనిలో పాడవుతుందన్నాడు గానీ, అసలు సంగతి అది కాదు. బీడీ కార్ఖానాలో పెట్టిన వేళ దాటితే చుట్టి తెచ్చిన మాల్ తీసుకునేవాళ్లు కాదు. గంప నెత్తిన పెట్టుకుని పోయి, వేళ దాటిందని అదే గంపతో నేను తిరిగి రావడం ఆయన రెండుసార్లు చూశాడు. అందుకే గడియారం నాకిచ్చి పోయాడు.

నా చేతికి అది గాజులాగా జారేది. బస్సుకు టైమవుతుంటే గబగబా కూర్చుని, మూడు ముక్కలు తీసి నా చేతికి పెట్టాడు. ఆ మూడు ముక్కలూ రుమాలు కొసకు ముడేసి అంగీ జేబులో పెట్టుకున్నాడు. అవి నాకు ఇవ్వు, పోతాయని అంటే, ఇవి నా దగ్గరే ఉండాలె, వచ్చినంక నేనే పెట్టుకుంట అన్నాడు. తొందరలో మూడింటినీ ఒక్క దిక్కునుంచే తీశాడు. అందుకని చైను కొక్కెం మణికట్టు కిందికి రాకుండా పక్కన బొక్క మీద, ఆ ఎముక మీద కూర్చునేది, చాటకు తగిలి టకటకమనేది. మా ఇంట్లోనే ఉండే వదిన రోజూ వెక్కిరించేది, మొగోని గడియారం పెట్టుకుని బీడీలు చుట్టే దొరసానివి నువ్వే అని. కొక్కెం సరిచేయించుకోమని కూడా చెప్పింది. నేను చేయించలేదు. ఆయన పెట్టింది పెట్టినట్టే ఉండాలని నా మొండితనం.

ఏడాది తిరిగేసరికి నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, అన్నం సయించేది కాదు. వదిన కషాయం కాచి పోసింది, తగ్గుతుందంది, కానీ తమ్ముడికి మాత్రం రాయవద్దు అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆమెను తప్పు పట్టలేను. ఒప్పందం రెండేండ్లది, పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గర ఉంది, మధ్యలో వస్తే మళ్లీ పంపరు. పైగా ఐదో తరగతి దాకా చదివింది ఇంట్లో ఆమె ఒక్కతే కాబట్టి నా ఉత్తరాలన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. నేను చెప్పేదాన్ని, ఆమె రాసేది, రాశాక ఒకసారి చదివి వినిపించమనేదాన్ని. నా దగ్గు అందులో ఎక్కడైనా తొంగిచూసిందేమోనని భయం నాకు.

గడియారం మాత్రం నా జబ్బు దాచలేదు. బీడీ చుడుతుంటే జారి అరచేతి మీదికి వచ్చేది, చెయ్యి ఎత్తితే మోచేతి దాకా పోయేది. ఒకరోజు నేనే ఒక ముక్క తీద్దామని బీడీ మూతి ముడిచే పుల్ల పెట్టి రాయితో కొట్టాను. చైను పుల్ల కదలలేదు సరికదా, నా ఇనుప పుల్లే వంగిపోయింది. ఆ రోజు బీడీలన్నీ వంకర మూతులతోనే ముడిచాను. వదిన అంది, "గడియారం సంబురానికి కూలి గూడ పోగొట్టుకున్నవు."

ఆ వారం ఉత్తరంలో, అందరం మంచిగున్నామని రాయించి, చివర ఒక్క మాట కలపమన్నాను. చైను వదులైంది, ముక్క ఎట్ల తీయాలో చెప్పమని. వదినకు అందులో తప్పేమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే నాకూ కనబడలేదు. ఒట్టు తప్పలేదు కదా అనుకున్నాను.

నెల దాటాక జవాబు వచ్చింది. కవరు విప్పి వదిన, ఇది నాకు చదవ రాదు, నువ్వే చదువుకో అని నా ఒళ్లో పడేసింది. కాగితం నిండా బొమ్మలు. అక్షరం రాని నాకోసం బొమ్మలు గీశాడు, పనిలో అలిసిపోయిన ఆ చేతులతో. అంతకుముందు ఆయన ఉత్తరాలన్నీ ఇంకొకరి గొంతుతోనే విన్నాను. నా అంతట నేను చదువుకున్న మొదటి ఉత్తరం అదే, చివరిదీ అదే.

మొదటి బొమ్మ బీడీ పుల్లది, దాని మీద పెద్ద కొట్టివేత. నేను ముందుగా దాంతోనే తంటాలు పడతానని సముద్రం అవతల కూర్చుని కనుక్కున్నాడు! తర్వాత సన్న మేకు, దాని మొన బండ మీద అరగదీస్తున్నట్టు. తర్వాత చైను తిరగేసి ఉన్నట్టు, లోపలి వైపు ముక్కల మీద బాణం గుర్తులు. అన్ని రోజులు నా చేతికి రాసుకుంటూ ఉన్న ఆ గుర్తులను నేను ఏదో నగిషీ అనుకున్నాను. పీటకు ఉన్న బెజ్జం మీద చైను పెట్టి, పుల్ల బాణం మొన దిక్కుకు పోయేలా మేకుతో మెల్లగా కొట్టాలి. సగం వచ్చాక పట్కారుతో లాగాలి. మళ్లీ పెట్టేటప్పుడు మొన దిక్కునుంచి ఎదురు దోపాలి. ఆఖరి బొమ్మలో ఒక వేలు కొక్కానికి అవతలి దిక్కు చూపిస్తోంది. దాని కింద ఒక్క వాక్యం ఉంటే వదిన చదివింది. ముందు నేను తొందరల అన్ని ఒక్క దిక్కే తీసిన, తప్పు నాది, ఈసారి రెండో దిక్కు తియ్యి అని.

ఆ కాగితం ముందు పెట్టుకుని తీశాను. నాలుగు దెబ్బలకు పుల్ల బయటికి వచ్చింది. కొక్కెం కొంచెం మణికట్టు కిందికి జరిగింది. కానీ ఉత్తరం పోయి వచ్చేలోగా నేను ఇంకా సన్నబడ్డాను, ఒక్క ముక్క చాలలేదు. రెండోది కూడా తీశాను, అప్పటికీ వదులే. మళ్లీ ఉత్తరంలో ఆ ముక్కే రాయించాను. రెండు తీసిన, ఇంకా జారుతున్నది అని. చదివించుకుని విన్నాను కూడా. దగ్గు మాట ఎక్కడా లేదు.

ఈసారి జవాబు వదిన ఒక్కదాని పేరు మీద వచ్చింది. వాకిట్లో నిలబడే విప్పింది. ముందు తనలో తను చదువుకుంది. ఏం రాశాడని నేను అడిగితే, గట్టిగా చదివింది.

"అక్కా, నేను మూడు తీసి వచ్చిన, అది రెండు తీసింది. ఐదు పోయినంక గూడ వదులంటున్నదంటె దాని చేతికి బొక్క తప్ప ఏం మిగల్లేదు. రేపటి బస్సుకే కామారెడ్డి తీస్కపో. లేకుంటె నేనే వస్త."

వదిన నా ఒళ్లోంచి చాట తీసి పక్కన పెట్టింది. నా చెయ్యి పట్టుకుని, గడియారం పైకి జరిపి మణికట్టు చూసింది. ఏడాదిగా ఒకే కంచంలో తిన్నాం, అయినా ఆమె నా చెయ్యి అప్పుడే చూసింది. "నేనే పాపాత్మురాలిని, లే," అంది. తెల్లారి మొదటి బస్సుకు ఎక్కించింది. ఊపిరితిత్తులకు జబ్బు పట్టిందని, ఇంకో నెల ఆగితే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. నెలల తరబడి మాత్రలు మింగాను. ప్రతిసారీ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా బస్సులో వదిన నన్ను తన భుజానికి ఆనించుకునే తీసుకుపోయింది. అప్పటినుంచి నా గడియారాన్ని ఒక్కరోజు కూడా వెక్కిరించలేదు.

ఒళ్లు పట్టి గడియారం బిగుతయ్యేసరికి, బొమ్మలను వెనకనుంచి ముందుకు చదువుకుంటూ మొదటి ముక్కను నేనే మళ్లీ పెట్టుకున్నాను. కొన్ని నెలలకు రెండోది. ఆ సంగతులు రాయించినప్పుడు వదిన నవ్వుకుంటూ రాసేది. ఒప్పందం ముగించుకునే వచ్చాడాయన. బస్సు దిగి, సంచి ఇంకా భుజాన ఉండగానే నా మణికట్టు చుట్టూ రెండు వేళ్లు వేసి చూసుకుని, అప్పుడు రుమాలు ముడి విప్పాడు. మూడు ముక్కలూ మెరుస్తున్నాయి. దినాం తుడిచేవాడట.

మళ్లీ ఆయనే పెట్టుకున్న ఆ గడియారం చివరి జబ్బులో చెయ్యి సన్నబడి జారుతుంటే అదే పీట మీద, అదే మేకుతో ముక్కలు తీసి జర్దా డబ్బాలో వేసింది నేనే. ఆయనకు ఏమీ చెప్పలేదు. చైను సంగతి ఆయన దగ్గర ఎవరు దాచగలరు? ఎన్ని తీశానో అడగలేదు, ఎక్కడున్నాయని మాత్రం అడిగాడు.

ఇప్పుడు పిల్లలు గల్ఫు నుంచి రోజూ ఫోనులో ముఖం చూపిస్తారు. ఏం తిన్నావంటే కంచం కూడా చూపిస్తారు. మంచిదే, మాకు ఆ భాగ్యం లేకపోయింది. కానీ నవ్వే ముఖం చూసి అందరం సరే అనుకుని ఫోను పెట్టేస్తాం. నా ముఖం చూడకుండా, గొంతు వినకుండా, ఒక చైను మాట పట్టుకుని నా ప్రాణం ఎంత మిగిలిందో లెక్కగట్టిన మనిషి తలపుకు వస్తే, ఎవరైనా ఇప్పుడు అంత ఓపికగా ఇంకొకరి మణికట్టును తలుచుకుంటారా అనిపిస్తుంది.

రాశావా బిడ్డా? అయితే ఒకసారి చదివి వినిపించు. వెనకట ఏదైనా బయటపడిందేమోనని చదివించుకునేదాన్ని, ఇప్పుడు దాచేది ఏమీ లేదు. మొదటినుంచి చదువు. ముక్కలు ఎక్కడున్నాయని ఆయన అడిగిన మాట దగ్గర మాత్రం కొంచెం ఆగు.