దండకు నాలుగంగుళాలు

లింగంపల్లి స్టేషన్ దగ్గరి స్టూడియోలో ఫోటో బుక్ చేసేటప్పుడు నేను ఆరు విషయాలు చెప్పాను. సైజు పన్నెండు పదిహేను. భుజాల వరకే. ముఖం నేరుగా. వెనక తెర లేత రంగుది, పూలూ మెట్లూ లేనిది. నవ్వు వద్దు. తల పైన నాలుగంగుళాల ఖాళీ.

స్టూడియో ఆయన కార్బన్ పెట్టిన ఆర్డరు పుస్తకంలో ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చి ఆరోదాని దగ్గర పెన్ను ఆపాడు.

"దండ ఫోటోనా సార్? ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గద. పాత ఫోటో తెచ్చిండ్రా, పెద్దగ చెయ్యనీకి?"

"పాతది లేదు. ఆదివారం పదింటికి మనిషినే తీసుకొస్తాను."

ఆయన తలెత్తి నన్నొకసారి చూశాడు. ఏదో అడగబోయి మానుకుని, "మంచిది సార్" అని ఆరోదాన్ని కూడా రాశాడు. నేను రసీదు మడిచి డైరీలో పెట్టుకుని, ఆ పేజీలో ఏడో పనికి ఎదురుగా చిన్న టిక్కు పెట్టుకున్నాను. ఒక పని సక్రమంగా అయిందన్న తృప్తి తప్ప ఆ పూట నాకు మరేదీ తోచలేదు.

ఆ మనిషి మా పెద్దమ్మ. అమ్మకు అక్క. మా ఊళ్ళో బడి ఐదో తరగతి దాకానే ఉండేది కనుక ఆరు నుంచి ఇంటరు దాకా నేను కడప జిల్లాలోనే ఉన్న వాళ్ళ ఊళ్ళో, వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. పెదనాన్న అప్పటికే లేరు. ఆమెకు పిల్లలు లేరు. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది, నేను పనిచేసే చోటు చూడాలని, తొమ్మిది రోజులు ఉండేటట్టు వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పి కూడా లేదు. శేరిలింగంపల్లిలో నేను కిరాయికుంటున్న మేడ మీది గదికి రెండు చేతుల్లో రెండు బిందెలతో మెట్లెక్కి వచ్చేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆమెకు జబ్బు చేసి ఉంటే నేను చేసిన పనికి కొంచెమైనా సాకు ఉండేది.

సాకు కాదుగాని కారణం ఒకటి ఉంది. నేను ఇంజనీరింగు రెండో ఏడులో ఉండగా మా నాన్న పోయాడు. పదోరోజుకి పటం కావాలంటే ఇల్లంతా వెతికినా నాన్న ఒక్కడే ఉన్న ఫోటో దొరకలేదు. చివరికి ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. నాన్న భుజం మీద పక్కవాడి చెయ్యి ఉండిపోయింది. దాని మీద రంగు వేస్తే భుజం వాచినట్టయింది. పైగా దండ వేస్తే నుదురంతా మూసుకుపోయి కళ్ళ మీదికి వచ్చేది. ఆ ఫోటో కోసం కాళ్ళకు చెప్పులు లేకుండా ఇల్లిల్లూ తిరిగింది పెద్దమ్మే. "ఒక్క ఫోటో గూడా దీసుకోకుండా పోతివేమప్పా" అని ఆమె ఏడవడం నాకింకా వినబడుతుంది.

తర్వాత నాకు దొరికిన ఉద్యోగం కూడా నా బుద్ధికి తగినదే. హైటెక్ సిటీలో అప్పుడే తెరిచిన గుండ్రటి భవనంలో మా ఆఫీసు. రెండువేల సంవత్సరం రావడానికి ఏడాదిలోపే ఉంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లన్నీ వెతికి, కొత్త ఏడాది మొదటి రోజున ఏది చెడిపోతుందో ముందే జాబితా రాయడం నా పని. అంతా బాగా నడుస్తున్న దాన్ని ముందు పెట్టుకుని అది ఎలా ఆగిపోతుందో రోజంతా ఆలోచించేవాణ్ణి. ఆ అలవాటు సాయంత్రం నాతోపాటే బస్సెక్కి ఇంటికొచ్చేది. పెద్దమ్మ వస్తోందని తెలిసి రాసుకున్న పేజీలో కంటి పరీక్ష, చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియం, చీర, ఇలా ఆరు ఉన్నాయి. ఏడోది ఫోటో. ఆమెతో "ఆదివారం ఫోటో తీయించుకుందాం" అని మాత్రమే అన్నాను. ఎలాంటి ఫోటో అన్నది ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆమె మా ఇద్దరి ఫోటో అనుకుంది.

ఆదివారం నేను లేచేసరికే తల స్నానం చేసి కూర్చుని ఉంది. పెట్టె అడుగు నుంచి వంగపండు రంగు పట్టుచీర తీసింది. కింది వాటా వాళ్ళ దగ్గర ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చుకుని నా తెల్ల చొక్కా కూడా ఇస్త్రీ చేసి పెట్టింది.

"నాకెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఎందుకేంరా? నలిగిన చొక్కాతో నిలబడితే, ఈనికి అన్నం పెట్టేవాళ్ళు గూడా లేరేమో అంటారు మనూళ్ళో."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. చొక్కా తొడుక్కున్నాను.

స్టూడియో మేడ మీద ఒకే గది. రెండు గొడుగు దీపాలు, ఒక స్టూలు, తాళ్ళకు కట్టి పైకి చుట్టిన నాలుగైదు తెరలు. పెద్దమ్మ అద్దంలో కొంగు సవరించుకుని స్టూలు మీద కూర్చుంది. స్టూడియో ఆయన దీపాలు వేశాడు. ఆర్డరు పుస్తకం తెరిచి, అలవాటు ప్రకారం, తీసే ముందు ఒకసారి అంతా పైకి చదివాడు.

"పన్నెండు పదిహేను. భుజాలదాక. మొఖం సీదా. లేత రంగు తెర. నవ్వు వద్దు. పైన నాలుగంగుళాలు దండకు. అంతే కద సార్?"

నేను రసీదు తీసి అందులోకి చూశాను. గొడుగు దీపం చప్పుడు చేస్తోంది.

పెద్దమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. మ్యూజియంలో గంట కొట్టే గడియారాన్ని చూసినట్టు, ఇది ఎట్లా పనిచేస్తుందో అన్నట్టు చూసింది.

"దేనికన్యావు నాయనా?" అని ఆయన్నే అడిగింది.

ఆయనకు అప్పుడర్థమైంది. పుస్తకం మూశాడు. "ఏం లేదమ్మా, జర ఖాళీ ఇడ్సుమన్నరు, గంతే. మీరు ఫికర్ జేయకుండ్రి."

"దండకన్యావు. నాకు చెవుడు లేదులే." నా వైపు తిరిగింది. "ఏంరా అబ్బీ. నాలుగంగుళాలని యాడ కొలిచినావు? నేను పండుకొన్నప్పుడు నా తలకాయ మీదనా?"

"నాన్న ఫోటో మీద" అన్నాను. అది నిజం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు స్కేలు పెట్టి కొలిచాను. దండ మూడున్నర అంగుళాలు దిగుతోంది. అర అంగుళం వదులు కలుపుకున్నాను.

నేను త్వరత్వరగా చెప్పుకుపోయాను. ఆ రోజు నువ్వు ఎంత తిరిగావో గుర్తుంది, మళ్ళీ ఎవరూ అట్లా తిరగకూడదనుకున్నాను, ఎప్పటికో కావలసిందే గదా, ఇప్పుడైతే ముఖం బాగుంటుంది. చెబుతున్న కొద్దీ ఒక్కొక్క మాటా నాకే చెడ్డగా వినబడింది.

ఆమె అంతా విని, "సరే, అది ఒప్పుకొంటా. పోయేవాళ్ళం పోతాం. మరి నవ్వొద్దని ఎందుకు రాపిచ్చినావు? సచ్చిపోయినోళ్ళు నవ్వగూడదా?" అంది.

నేను చూసిన దండ ఫోటోల్లో ఎవరూ నవ్వలేదు, అందుకని రాయించాను.

లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. నిజానికి లేచింది కూడా. కాని తలుపు వైపు వెళ్ళలేదు. నా రెక్క పట్టుకుని తీసుకెళ్ళి ఆ స్టూలు మీద కూలేసింది.

"ఆర్డరు రాసినారు గదా, ఎందుకు ఎచ్చుతగ్గు? ఈన్ని తియ్యి నాయనా. రాసినట్టే తియ్యి. రేయ్, నేరుగా సూడు. నవ్వొద్దు, పుస్తకంలో రాసుండాది."

స్టూడియో ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. "ఏందమ్మా గిట్ల! సార్ పిలగాడే కద" అన్నాడు తికమకగా. ఆమె కెమెరా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఇక లాభం లేదని ఆయన కెమెరాలోకి వంగాడు. నేను నేరుగా చూశాను. దీపం వేడికి కాలర్ లోపల చెమట కారుతోంది. భుజాల వరకే, వెనక ఏమీ లేని తెర, తల మీద ఖాళీ. ఆ నాలుగంగుళాలు నా తల మీద ఎంత బరువుగా ఉన్నాయంటే మెడ వంచకుండా ఉండడం కష్టమైంది. ఇదే చోట ఆమెను కూర్చోబెట్టబోయాను.

"రెడీ సార్" అన్నాడాయన.

"వద్దొద్దొద్దు!" పెద్దమ్మ ఒక్క ఊపున దీపానికీ నాకూ మధ్యలోకి వచ్చేసింది. గొడుగు ఊగిపోయింది. రెండు అరచేతులూ నా తల మీద, సరిగ్గా ఆ ఖాళీ ఉండే చోట పెట్టింది. "వద్దు నాయనా, తియ్యొద్దు. యాలాకోలానికి అన్యా. నా బిడ్డకు ఆ జాగా వద్దు."

కొంగుతో నా నుదుటి చెమట తుడిచి, మెటికలు విరిచి దిష్టి తీసింది. తనకోసం దుఃఖపడని మనిషి, తను వేసిన పరాచకానికి తనే భయపడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె నవ్వులాటకైనా ఓర్చుకోలేని పనిని నేను స్కేలు పెట్టి, డైరీలో రాసుకుని, రసీదు తీసుకుని చేశాను. నేను క్షమించమని అడగాల్సింది అప్పుడే. "నీళ్ళు తాగుతావా?" అని అడిగాను.

"ఇగ ఇద్దర్ని కలిపి తీస్త" అన్నాడు స్టూడియో ఆయన మెల్లగా. "అమ్మా, మీరు కూసోండ్రి. సార్ ఎనక నిలవడ్తడు."

"వెనకొద్దు. పక్కన కూసోబెట్టు, బాగా దగ్గరగా" అంది పెద్దమ్మ ముక్కు చీదుకుంటూ. "బతికుండేవాళ్ళు పక్కనుంటే దండ ఎయ్యరు గదా. ఈడు పక్కనుంటే ఎట్లేస్తాడో సూస్తా."

ఆయన పకపకా నవ్వాడు. పెన్ను నా చేతికిచ్చి పుస్తకం ముందు పెట్టాడు. "మీరే కొట్టేయుండ్రి సార్, నేను కొట్టేస్తే బాగుండది." ఐదోదీ ఆరోదీ అడ్డంగా కొట్టేశాను. కార్బన్ కింద కాపీ మీద కూడా గీత పడేలా గట్టిగా కొట్టాను.

తర్వాతి రెండు రోజులూ ఆమె ఎప్పటిలాగే ఉంది. బిందెలు మోసింది, నాకిష్టమని బొరుగులతో ఉగ్గాని చేసింది. ఒక్కటే తేడా. అంతకుముందు రోజూ పొద్దున్నే "ఈ పొద్దు ఏం రాసినావురా నా పేజీలో?" అని అడిగేది. ఆ రెండు రోజులూ అడగలేదు. ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్తే గుండ్రటి భవనాన్ని బయటి నుంచి, ఎదురుగా ఉన్న బండల మీద కూర్చుని చూసింది. "లోపలికి పోదామా?" అంటే "ఈడ్నుంచి బాగానే కనపడతాండాది" అంది. కాచిగూడలో రైలెక్కించినప్పుడు, మళ్ళీ ఎప్పుడొస్తావని అడగాలనుకున్నాను. రానంటుందేమోనని భయమేసి అడగలేదు. బాటిల్లో నీళ్ళు నింపి ఇచ్చాను.

వారం తర్వాత ఫోటో తెచ్చుకున్నాను. పెద్దమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది, కింది వరసలో ఊడిన పన్ను కూడా కనబడుతోంది. పక్కన నేను, ఎవరికో జవాబు చెప్పుకోవలసినవాడిలా ఉన్నాను. మా తలల మీద ఖాళీ దాదాపు లేదు. ఎంత చూసినా ఇందులోంచి ఆమె ఒక్కదాన్ని కత్తిరించడం కుదరదు. నా భుజం ఆమె భుజంలో సగం దూరి ఉంది.

ఒక కాపీ ఊరికి పంపాను. అది చేరిందో లేదో తెలుసుకోవడానికి ఎస్టీడీ బూత్ నుంచి వాళ్ళ పక్కింటికి ఫోన్ చేసి పిలిపించాను.

"చేరిందిరా. వాకిలికి ఎదురుగా తగిలిచ్చినా. వచ్చినోళ్ళంతా అడుగుతాండారు, పిల్లోడెందుకు అట్ల మూతి బిగిచ్చినాడని."

"ఏం చెప్పినావు?"

"దండకు జాగా కొలుస్తాండాడని చెప్పినా."

అవతల పక్కింటివాళ్ళు కూడా నవ్వడం వినబడింది. నాకు నవ్వు రాలేదు. బూత్ అద్దం తలుపుకు తల ఆనించుకున్నాను.

"పెద్దమ్మా, నేను అట్లా చేసుండకూడదు" అన్నాను. మూడు వారాలుగా నోటిదాకా వచ్చి ఆగిన వాక్యం. అనుకున్నదానికన్నా చాలా చిన్నది.

"చేసుండకూడదు" అంది. అలాంటిదేం లేదులే అనలేదు. తర్వాత, "ఫోటో కోసం మేం తిరిగింది నీకు అంత గుర్తుండాదని నాకు తెలీదురా" అంది.

"మళ్ళా వస్తావా?"

"రాకేం. మామిడికాయలు కాసినాక వస్తా. ఆ పేజీ రాసేటప్పుడు మాత్రం నన్నడిగి రాసుకో."

గదికి వచ్చి డైరీ తీశాను. కొత్త పేజీ మీద 'పెద్దమ్మ' అని మాత్రం రాశాను. కిందికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయబోయి ఆపేసి, పెన్ను మూత పెట్టాను.