గొంతుగానే తెలిసిన కోడుమూరు అక్క

మా టీములో పెద్దదైన అక్క ఇక లేదని పొద్దున్నే ఆఫీసు గ్రూపులో చదివాను. గుండెపోటట. నేను కడపలో, ఆమె కోడుమూరులో, ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఒకే కంపెనీకి పనిచేసేవాళ్ళం. కర్నూలు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళాను. కెమెరా ఎప్పుడూ ఆన్ చేయని మనిషి. ఆమె ముఖం నేను మొదటిసారి చూసింది పూలదండల మధ్యే. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా అనిపించింది.

నన్ను ఉద్యోగంలో నిలబెట్టింది ఆమే. చేరిన కొత్తల్లో నాకిచ్చిన పని వినడానికి చిన్నది. నెట్‌వర్క్ చూసుకునే ఒక టూల్‌ను మా కంటెయినర్ క్లస్టర్‌కు కలపాలి. క్లస్టర్ అంటే మా కంపెనీ ఆసుపత్రులకు చేసిచ్చే ప్రోగ్రాములన్నీ, దేని డబ్బాలో అది ఉన్నట్టు, నడిచే కంప్యూటర్ల గుంపు. టూల్‌కు బొమ్మలూ బటన్లూ ఉండవు, నల్లటి తెర మీద కమాండ్ టైపు చేయాలి. క్లస్టర్ ఎక్కడుందో, మనమెవరమో తెలిపే ఫైలు ఒకటి దానికి చూపించాలి. అంతే. ఆ కాస్తా చేతగాక ఉద్యోగం పోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు.

టూల్‌ను క్లస్టర్ లోపలికి రానివ్వకపోతే ఏడుపు గొంతుతో అక్కకు ఫోన్ చేసేదాన్ని.

"నువ్వెవురో చెప్పకుండా తలుపు తడితే ఎవురు తీస్తారు పాపా? ఫైలు యాడుండాదో సరిగ్గా చెప్పినావా?" అనేది.

కమాండ్ రాసి పంపమంటే మాత్రం పంపేది కాదు. "నేను పంపితే నీ చేతికి యాడొస్తాది? నువ్వు సదువు, నేను ఇంటా." ఒక్కో అక్షరం పైకి చదివించేది. వెనకాల వాళ్ళమ్మ శనక్కాయలు ఒలిచే చప్పుడు వినిపిస్తూ ఉండేది.

ఒకరోజు తెర మీద మెషీన్ల పేర్లు వరసగా వచ్చేశాయి. "కలిసిందక్కా!" అని అరిచాను.

"యాడ కలిసింది? ఆ పేర్లు సదువు."

చదివాను. అవి మేం నేర్చుకోవడానికి పెట్టిన ఉత్తుత్తి క్లస్టర్ పేర్లు. నేను చూపించింది పాత ఫైలు. అక్క పకపకా నవ్వింది. "జవాబొచ్చిందని సంబరపడొద్దు పాపా. పలికింది ఎవురో సూడు."

ఫైలు మార్చాక అసలు పేర్లు వచ్చాయి. ఆ నెలే నా ఉద్యోగం ఖాయమైంది.

అక్క పోయిన రోజు కోడుమూరులో ఎవరినో మంచినీళ్ళడిగాను. మూల కూర్చున్న వాళ్ళమ్మ తలెత్తింది. "నువ్వు కడప పాపవు కదూ? దినామూ స్పీకర్లో ఇంటాంటి నీ గొంతు," అని నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

కర్మ అయ్యాక, క్లస్టర్‌లో అక్కకున్న అనుమతి తీసేసే పని ఆఫీసువాళ్ళు నాకే అప్పగించారు. మనిషి లేనప్పుడు ఆ తాళంచెవి వదిలేయకూడదు, నిజమే. కానీ నా చేత్తోనా? రేపు, రేపు అని జరిపాను. చివరికి తీసేశాను. ఇక ఆమె పేరు చెబితే అక్కడ ఎవరూ పలకరు.

మొన్న ఆమె లాప్‌టాప్ ఆఫీసుకు పంపడానికి మళ్ళీ కోడుమూరు వెళ్ళాను. బల్ల మీద ఛార్జింగ్‌లో పెట్టి ఉంది.

"దినామూ పెడతాండా పాపా," అంది అమ్మ. "ఆస్పత్రోళ్ళకు ఏమన్నా అవసరం పడితే పని నిలిచిపోగూడదు కదా."

అది ఇక ఎక్కడికీ కలవదు. ప్లగ్ తీసి వైరు చుట్టాను. ఛార్జరు ఇంకా వెచ్చగా ఉంది. అమ్మ లాప్‌టాప్‌ను కొంగుతో తుడిచింది. మూత మెల్లగా వేసి, మళ్ళీ ఒకసారి తుడిచి, రెండు చేతులతో నాకందించింది.