గేటు పక్క బండ

కొత్త ఊళ్లో దిగినవాడు ముందు బజారు చూస్తాడు, ఆనక ఏటి ఒడ్డు చూస్తాడు. శ్మశానం వైపు మాత్రం ఎవరో పోతే తప్ప వెళ్లడు. వెళ్తే ఊరి కథ సగం అక్కడే దొరుకుతుంది. అలాంటి ఒక ఊళ్లో నగరపాలక సంఘం వారి సమాధుల తోట ఒకప్పుడు గొర్రెలు మేసే బీడు. విషజ్వరాలు ఊరిని ఊడ్చిపెట్టిన ఏడాది, ఎవరి మతం వారి చోటు నిండిపోతే, నగరమే ఆ బీడు కొని, గోడ కట్టి, ఇనుప గేటు బిగించి, అందరికీ ఒకటే దారి చేసింది. గేటు దాటగానే ఆ జ్వరాలకి పోయినవాళ్ల వరస: అన్నీ ఒకే ఎత్తు, ఒకే సున్నం. దాని వెనక బ్యాండు మేళం వాళ్ల మూల. బతికుండగా ఒకరి తాళం ఒకరికి గిట్టనివాళ్లు అక్కడ బాగానే సర్దుకున్నారు. బావికి అవతల పేరు తెలియని బాటసారులు.

ఆ తోటలో గుంతలు తవ్వేవాడు గునపం తాత. అక్కడొక వాడుక ఉండేది. చోటు ఇచ్చేముందు, పోయినవారి బంధువుల ఎదుట గునపంతో నేలని పొడిచి చూపాలి. ధప్పుమంటే మట్టి, ఖంగుమంటే బండ. బండ పలికిన చోట తవ్వరు. ఎక్కడా రాసిపెట్టిన మాట కాదు గాని, కాదన్న అధికారి కూడా లేడు.

తాత భార్య మొక్కలకి నీళ్లు పోసేది. గేటు దగ్గర పూలక్క పూలమ్మేది. వాళ్లిద్దరూ గేటు పక్కనున్న పలకబండ మీద చేరారంటే లోకం తలకిందులైనా లేచేవారు కాదు. తాత అన్నం మూట పట్టుకుని వచ్చి నిలబడేవాడు.

“కాస్త జరగండే.”

“జరిగితే కబురు తెగిపోతుంది. వెళ్లి బావి గట్టు మీద కూర్చో,” అనేది భార్య.

“కూర్చుని నువ్వు చేసేదేముంది మరిదీ? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోవూ!” అనేది పూలక్క.

ఆ భార్య ముందు వెళ్లిపోయింది. ఆమె గుంత తాతే తవ్వాడు. పక్కన ఒక్క మనిషికి సరిపడా చోటు మిగిలింది. దాన్ని ఇంకెవరికో ఇవ్వడానికి ఆయనకి చేతులు రాలేదు. జోరున వానపడి జనం రాని రోజున, గేటు కాపలా కాసే బావమరిదిని సాయం పట్టి, ఆ పలకబండనే దొర్లించుకొచ్చి, ఆ ఖాళీలో జానెడు లోతున కప్పెట్టాడు. “నా వంతు వచ్చినప్పుడు తీసెయ్,” అన్నాడు. ఆనాటి నుంచి ఎవరు అడిగినా అక్కడ గునపం ఖంగుమనేది. ఇంజినీరుగారు సైతం స్వయంగా పొడిచి, తలూపి వెళ్లారు.

మర్నాడు పూలక్క గోనెపట్టా పరుచుకుని నేల మీద కూర్చుంది. “ఏం మరిదీ, బండలకి కూడా కాళ్లొచ్చాయా?” అంది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

ఏళ్లు గడిచాయి. తోట నిండిపోయింది. కొత్త శ్మశానం ఏటి అవతల తెరిచారు. అప్పుడొక పొద్దున పూలక్క కూతురు ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో వచ్చింది.

“అమ్మ పోయింది బాబాయ్. ఈ గేటు తప్ప ఇంకో చోటు ఎరగని మనిషి. ఏ మూలైనా ఇంత మట్టి దొరకదా?”

“లేదమ్మా,” అన్నాడు తాత, నేల చూస్తూ.

“పిన్ని పక్క చోటు మాత్రం అడగొద్దని చెప్పి పోయింది.”

“ఎందుకట?”

“అక్కడ బండ ఉందట కదా. ‘నేను కూర్చున్న బండేలే, మరిది దాచుకున్నాడు, దాని జోలికెళ్లకు’ అని నవ్వింది. జ్వరంలో ఏదో అంటోందనుకున్నాను.”

తాత గునపం మీద గడ్డం ఆనించాడు. అన్నేళ్లూ ఆ మనిషి వాననీళ్లలోనూ గోనెపట్టా మీదే కూర్చుంది. నడుము నొప్పని సణిగింది గాని, నోరు జారలేదు. వాగుడుకాయ అని ఊరంతా నవ్వుకున్న మనిషి!

“మనవాళ్లని రమ్మను,” అన్నాడు.

అందరి ఎదుటా వాడుక ప్రకారం పొడిచాడు. ఖంగుమంది. జనం నిట్టూర్చి వెనక్కి తిరగబోతుంటే, తాత వంగి చేతుల్తో మట్టి తోడసాగాడు. బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

“బావా, ఏం చేస్తున్నావో తెలుస్తోందా? అది నీ చోటు!”

“తెలుసులేరా. అటు పట్టు.”

బండ లేచింది. కింద మట్టి నల్లగా, మెత్తగా, పారకి వెన్నలా లొంగింది.

సాయంత్రం జనం వెళ్లాక ఇద్దరూ ఆ బండని కడిగి, రెండు సమాధుల తలల దగ్గర అడ్డంగా వేశారు.

“మరి నీకు బావా?”

“ఏటి అవతల మట్టి బాగుందంటున్నారు.”

“అక్కడ నీకెవరున్నారు?”

“ఎవరూ లేరు. ప్రశాంతంగా ఉంటుంది,” అన్నాడు తాత.

పొద్దున్నుంచీ విప్పని అన్నం మూట చేతిలోకి తీసుకున్నాడు. పాత అలవాటు కొద్దీ బండ దాకా వెళ్లి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి మళ్లి బావి గట్టు మీద కూర్చున్నాడు.