నా రాక్షసులది దర్శి యాస

కొందరి మీద పిడుగు పడుతుంది. కొందరి మీద గోడ కూలుతుంది. పాపం, వాళ్ల ప్రమేయం లేకుండా పడతాయి. నా సంగతి అలా కాదు. నా నెత్తిన పడ్డ బండను నేనే కొండమీద చూసి ఎంచి, నేనే భుజాన మోసుకెళ్లి, సరిగ్గా దాని కింద నిలబడి, "ఇక వదలండి" అని చెయ్యూపాను. అదీ పెళ్లిచూపుల్లో, ఒక ఊరు ఊరంతా చూస్తుండగా. గుండెజబ్బున్న పాఠకులు ఈ పేజీ వదిలేసి వంటల పేజీకి వెళ్లిపోవచ్చు. నేనేమీ అనుకోను.

ఎనభైలనాటి మాట. మాది నల్లపాడు. గుంటూరును ఆనుకుని, రైలు కాసేపు ఆగి పోయే ఊరు. కానీ బయట ఎవరైనా అడిగితే "గుంటూరండి" అని మెడ జానెడు సాగదీసి చెప్పేవాణ్ని. పగలు పత్తి మిల్లులో గుమాస్తాను. ఇంటికొచ్చి లుంగీ కట్టుకున్న మరుక్షణం మహారచయితను. ఒక వారపత్రిక నా జానపద సీరియల్ 'వజ్రకంటక కోట' వేస్తుండేది. ఆ పత్రిక ఇప్పుడు లేదు. నా రచనల వల్లే పోయిందని గిట్టనివాళ్లంటారు. మా ఇంట్లో తెలిస్తే తంతారని 'కలహంస' అనే మారుపేరుతో రాసేవాణ్ని.

కథలో రెండు జాతులు. కొండ మీద గంధర్వులు, కొండ కింద రాక్షసులు. గంధర్వులు చెరువులో తామరకాడల్లా సన్నగా, తెల్లగా ఉంటారు. దాహమేస్తే "మంచినీళ్లు" అనరు, "శీతలోదకము" అంటారు. అది వచ్చేలోపు నాలుక పిడచగట్టుకుపోయినా సరే. మరి రాక్షసులకు ఏ భాష పెట్టాలి? వారం రోజులు జుట్టు పీక్కున్నాను. ఇప్పుడు నా తల చూస్తే మీకు నమ్మకం కలుగుతుంది.

మా మిల్లుకు దర్శి, పొదిలి వైపు నుంచి పత్తి లారీలు వచ్చేవి. ఆ రైతులు "యాడ దించమంటావు అబ్బయ్యా", "ఎట్టా తూస్తన్నావు" అంటుంటే, గుమాస్తాలందరం లోపలికి పరుగెత్తి నోట్లో తువ్వాళ్లు కుక్కుకుని నవ్వేవాళ్లం. అక్కడే నాకు రాక్షస భాష దొరికింది. మిల్లు ఒక్కటే నవ్వితే ఏం సరిపోతుంది, రాష్ట్రమంతా నవ్వాలి అనుకుని, రాక్షసజాతి మొత్తానికీ దర్శి యాస పెట్టేశాను.

రాక్షసరాజు పేరు శూలదంతుడు. గంధర్వ యువరాజు మణికిరణుడు కత్తి దూసి మీదికొస్తే ఆ శూలదంతుడు ఏమంటాడంటే, "యాణ్ణించో నడిచొచ్చావు గదా అబ్బయ్యా, ముందు బువ్వ తిను. తిన్నాక కొట్టుకుందాం." వాడొట్టి తిండిపోతు, బుర్ర తక్కువ వెధవ అని చూపించడానికి రాశానది. రాసి, నా ప్రతిభకు నేనే పొట్ట పట్టుకుని దొర్లాను.

ఇంతలో నాకు సంబంధం వచ్చింది. ఎక్కణ్నుంచి? దర్శి అవతలి నుంచి. నేను వద్దందామనుకున్నాను గానీ మా పెదనాన్న పిల్ల ఫోటో నా చేతిలో పెట్టాడు. ఆ ఫోటోలో కళ్లు నన్ను చూసి, "నీ సంగతేమిటి?" అని అడిగినట్టనిపించింది. ఆ కళ్లకు జవాబు చెప్పకుండా బతకడం కుదరదని అప్పటికప్పుడు తేలిపోయింది. పిల్ల పేరు శేషారత్నం. తండ్రి చెంచయ్య గారు, మిరప రైతు.

నేనూ పెదనాన్నా ఎర్రబస్సు దిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లేసరికి, నేలంతా ఎర్రటి సముద్రం. మిరపకాయలు. ఆ సముద్రం చుట్టూ ఊళ్లో సగం జనం కూర్చుని తొడిమలు తీస్తున్నారు. గుంటూరువాడు మిరప ఘాటుకు తుమ్మితే పరువేం కావాలి? వచ్చిన తుమ్మునల్లా వచ్చినట్టే మింగాను. చెవుల్లోంచి పొగ వచ్చిందేమో, చూసుకోలేదు. ఇంతమంది నన్ను చూడ్డానికే వచ్చారనుకుని క్రాపు సవరించుకుంటుంటే చెంచయ్య గారు నెమ్మదిగా చెప్పారు, వాళ్లు నా కోసం కాదు, ఒంటిగంట బస్సు కోసం వచ్చారని. శుక్రవారం ఆ బస్సులో పత్రిక వస్తుందట. అందులో ఒక సీరియల్‌ను వాళ్లమ్మాయి పైకి చదువుతుందట. ఏం సీరియలని అడిగాను.

"వజ్రకంటక కోట. వినలేదా బాబూ మీరు?"

నా ఛాతీ చొక్కా బొత్తాలను పరీక్షించడం మొదలుపెట్టింది. ఆ రాక్షసులెలా ఉంటారండీ, అని అమాయకంగా ఎర వేశాను. పడీపడీ నవ్వుతారని నా ఆశ. ఒక్కరూ నవ్వలేదు. చెంచయ్య గారి తల్లి, తల ముగ్గుబుట్టయిన పెద్దావిడ, తొడిమ తీస్తున్న కాయను పక్కన పెట్టి మరీ చెప్పింది.

"శూలదంతుడంటే మడిసి. కత్తెత్తుకోని వచ్చినోడి కడుపు చూశాడు ముందు. ఆ గందర్వులుండారే, వాళ్లు వాడి మాట చూసి నవ్వుతారు. వాడి మనసు చూసినోడు ఒక్కడు లేడు."

పక్కనున్న రైతు అందుకున్నాడు. గుంటూరు మిల్లుల్లో తాము నోరు తెరిస్తే గుమాస్తాలు లోపలికి పోయి నవ్వుకుంటారనీ, అది తమకు తెలుసుననీ, ఆ గంధర్వులను చూస్తే ఆ గుమాస్తాలే గుర్తొస్తారనీ అన్నాడు. నేను నా క్రాపును చెరిపేసుకుని, ముఖం కాస్త మార్చుకునే ప్రయత్నం చేశాను. ఇంకొకామె, పుట్టుకతో పగ ఉండదనీ, కొండమీద వాళ్లకు కిందికి దిగే దారి తెలియకే పగ పుట్టిందనీ చెప్పింది. నేను నోరు తెరిచి వింటున్నాను. ఇదంతా నేనెప్పుడు రాశాను? నేను వెటకారం నాటితే వీళ్ల చేలో ఇంకేదో పండింది.

చెంచయ్య గారు ముగించారు. "రాసేది ఎవరో మనోడే. మనల్ని ఎరిగినోడు. ఈ వారం ఆఖరుది. రెండు జాతుల్నీ కలుపుతాడు, చూడండి. ఆయన కనపడితే కాళ్లకు దండం పెడతా."

బుద్ధి ఉన్నవాడెవడైనా ఇక్కడ ఆకాశంలో మబ్బుల గురించి మాట్లాడతాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ కలహంసను నేనేనండి."

పెదనాన్నకు కాఫీ పొలమారింది. పెద్దావిడ లేచి వచ్చి, కళ్లల్లో నీళ్లతో నా రెండు చెంపలూ నిమిరింది, అప్పటిదాకా మిరప తొడిమలు తీసిన చేతుల్తో. నా ముఖం భగ్గుమంది. కళ్లల్లోంచి కృష్ణా కాలువ తెగింది. "ఎంత మెత్తని మనసో నాయనకు" అని ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు.

సరిగ్గా అప్పుడు బస్సు హారన్ వినబడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆఖరి భాగంలో నేనేం రాశానో.

శూలదంతుడు విస్తరి వేసి, అన్నం వడ్డించడానికి వంగుతాడు. మణికిరణుడు వెనకనుంచి ఒక్క వేటుకు తల నరుకుతాడు. తర్వాత రాక్షస పిల్లాజెల్లాతో సహా కోటను తగలబెడతాడు. తర్వాత పుష్పవృష్టి. పుష్పవృష్టిని ప్రత్యేక శ్రద్ధతో నాలుగు పేరాలు కురిపించాను.

ఈ వారం అచ్చుతప్పులు ఎక్కువండీ అన్నాను. పరవాలేదన్నారు. నేనే నోటితో కథ చెప్పేస్తానన్నాను. మీరు అలిసిపోయి ఉంటారన్నారు. ఈలోగా శేషారత్నం వచ్చి స్టూలు మీద కూర్చుని పత్రిక తెరిచింది. ఫోటోలోని కళ్లే. నేను పెదనాన్న వెనక దాక్కోవడానికి చూశాను గానీ ఆయన సన్నటి మనిషి.

చదవడం మొదలుపెట్టింది. శూలదంతుడి మాటలు ఆ పిల్ల నోట విన్నాను. నేను తువ్వాలు కుక్కుకుని నవ్విన ఆ మాటలే, తమ ఇంటికొచ్చినట్టు వచ్చి ఆ గొంతులో కూర్చున్నాయి. వెటకారం ఎక్కడికి పోయిందో పోయింది. వాకిట్లో తొడిమ తీసే చప్పుడు కూడా ఆగిపోయింది. ఒక రాజు మాట్లాడుతున్నాడు, జనం వింటున్నారు. వాణ్ని నేనే పుట్టించానంటే నాకే నమ్మకం కలగలేదు.

పేజీ తిరిగింది. ఆమె కళ్లు వరుసల వెంట పరుగెత్తి, ఒకచోట ఆగాయి. తలెత్తి నన్ను చూసింది. ఒక్కసారే. నేను కళ్లు మూసుకుని బస్సు ఎటువైపు ఉందో అంచనా వేసుకున్నాను. ఆమె మళ్లీ పత్రికలోకి తల వంచి చదివింది.

"మణికిరణుడు కత్తి కింద పెట్టి విస్తరి ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద గొంతు దిగాక అతనికి తెలిసింది, ఇన్నేళ్ల కొండమీది కాపురంలో నీకు ఆకలేస్తోందా అని తనను ఎవరూ అడగలేదని. రెండో ముద్దకు కళ్లనీళ్లొచ్చాయి. మూడో ముద్దకు తన జాతి నోట ఎన్నడూ పలకని మాట పలికాడు. 'ఇంకాసిని ఎయ్యి మామా' అన్నాడు."

మీరు నమ్మరు. ఆమె చదివినదాంట్లో ఒక్క అక్షరం ఆ పేజీలో లేదు. అక్కడున్నది 'ఖండించెను'. అందులోంచి ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా, మధ్యలో కామాలతో సహా, ఒక పూర్తి కథ చదివేసింది. జనం నవ్వారు, ఏడ్చారు. చెంచయ్య గారు నిజంగానే నా కాళ్ల వైపు వంగబోతే నేను కుర్చీ మీదికి కాళ్లు లాక్కున్నాను. పుష్పవృష్టి మాత్రం నాదే ఉంచింది, రెండు పేరాలు తగ్గించి.

పెద్దవాళ్లు మమ్మల్ని మాట్లాడుకోమని లోపలికి పంపారు.

"అది నేను రాసింది కాదు" అన్నాను.

"తెలుసు. మీరు రాసింది చదివుంటే మిమ్మల్ని బస్సెక్కనిచ్చేవోళ్లు కాదు."

"మరి నన్నెందుకు కాపాడారు?"

"మిమ్మల్ని ఎవరు కాపాడారు? శూలదంతుణ్ని కాపాడుకున్నా." పత్రిక మడిచి పక్కన పెట్టింది. "గుంటూరు కాలేజీలో చేరి ఒక్క ఏడాది ఉన్నా. 'యాడ' అంటే హాస్టలంతా నవ్వేది. మానేసి వచ్చా. మీ సీరియల్లో ఆ మాటను మొదటిసారి అచ్చులో చూసి, మనం కూడా పుస్తకంలో ఉండొచ్చన్నమాట అనుకున్నా. మీరు నవ్వించడానికి రాశారని ఇయ్యాలే తెలిసింది."

వారానికి ఆరు పేజీలు ఊదే మనిషిని, ఒక్క ముక్కలో పెళ్లి సంగతేమిటని అడిగాను.

"శూలదంతుణ్ని బతికించండి ముందు. అప్పుడు చూద్దాం."

మర్నాడే సంపాదకుడి కాళ్ల మీద పడ్డాను. తల తెగినవాణ్ని ఎలా బతికిస్తావయ్యా అని ఆయన కేకలేశాడు. అదంతా మణికిరణుడికి వచ్చిన పీడకల అని రాసి, శేషారత్నం చదివింది చదివినట్టు గుర్తు తెచ్చుకుని దించేశాను. అచ్చయింది. ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయంటే మీరు నమ్మరు, సంచిలో వచ్చాయి. శ్రీకాకుళం నుంచి ఒకాయన, ఆదిలాబాదు నుంచి ఒకావిడ, శూలదంతుడిది తమ ఊరి యాసేనని ఒట్టు పెట్టి రాశారు. ఆ రాక్షసుడికి ఇన్ని సొంత ఊళ్లున్నాయని నాకేం తెలుసు?

పెళ్లయింది. మా ఇద్దరికీ తప్ప ఆ రహస్యం ఇంకెవరికీ తెలియదని ధీమాగా పెళ్లిభోజనానికి కూర్చున్నాను. పెద్దావిడ అన్నం గిన్నెతో స్వయంగా వచ్చింది. వడ్డించడానికి వంగబోయి, సగంలో ఆగిపోయింది.

"కత్తి యాడ పెట్టావో చూపించు అబ్బయ్యా. అప్పుడు వొంగుతా."

బంతి మొత్తం గొల్లుమంది. దర్శి మంగలి షాపుకు ఆ పత్రిక ఇంకో కాపీ వస్తుందట. శనివారం సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలుసట. తెలిసీ, పీడకల వచ్చేదాకా, పెళ్లయ్యేదాకా, ఒక్కరంటే ఒక్కరు పెదవి విప్పలేదు. ఎందుకని అడిగితే చెంచయ్య గారు నా విస్తట్లో నెయ్యి పోస్తూ, కొండమీదోడు దిగొస్తుంటే మధ్యలో అదిలించగూడదు గదా అన్నారు.

కావున, మాన్యపాఠకులారా, నా రెండు చెంపల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇక మీదట ఏ జాతివాడి నోట మాట పెట్టాలన్నా, ముందు వాళ్లింట్లో కడుపునిండా భోంచేసి గానీ పెట్టను. ఈ నియమాన్ని నేటివరకూ నిష్ఠగా పాటిస్తున్నాను. రచనలు తగ్గి నడుము పెరగడానికి అదొక్కటే కారణమని డాక్టరు గారికి కూడా చెప్పాను. ఆయన గుంటూరువాడు, అర్థం కాలేదు.