అమావాస్య సెలవు తీసుకున్న గిటారు

నా చిన్నప్పుడు నగరిలో మా వీధి అమావాస్యనాడు తప్ప ఎప్పుడూ నోరు మూసుకునేది కాదు... ఇంటింటా మరమగ్గాలు. పొద్దున లేస్తే టకటకా టకటకా. ఆ మోతలో పుట్టి పెరిగినందుకేమో, నాకూ కాలు ఒకచోట నిలిచేది కాదు. "ఈ పిల్ల కాళ్లకి చక్రాలుండాయిరా" అని మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, రోజూ తిట్టేది.

అలాంటి నేను ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటారు చూశాను... అంతే. అన్నం సహించలేదు, పాఠం ఎక్కలేదు. వెంటపడి వెంటపడి, నాయన నూలు పనిమీద చిత్తూరు పోతుంటే బస్సులో పక్క సీటు సంపాదించాను.

పాత సామాన్ల అంగట్లో, ఫ్యాను రెక్కల వెనకాల దొరికింది అది. దుమ్ము కొట్టుకుపోయి, ఒక మూల పెచ్చు లేచి... ధర మాత్రం మాకు అందేంత చవక.

"బెంగుళూరు పిల్లోడు అమ్మేసి పోయినాడన్నా. మెడ కొంచిం వంగుండాది. దీని కడుపులో ఒక నట్టుండాది, ఈ కీతో తిప్పితే సరి అయితాదంట. నాకైతే తెలీదు" అని అంగడాయన ఉన్నమాట చెప్పేశాడు. నాయన అనుమానంగా చూస్తుంటే, "వాయించి సూడండి. పలక్కపోతే అమావాస్యకి తెచ్చీండి, వాపసు తీసుకుంటా" అన్నాడు.

అమావాస్యకు మగ్గాలకు సెలవు. నాయనకు తీరిక దొరికేది ఆ రోజే. "సూడు పాపా, ఆలోగా పలికిందా, మనింట్లో ఉంటాది. లేకపోతే మళ్లా బస్సెక్కుతాది" అని తేల్చేశాడు.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు కష్టం... మెడ ముందుకు వంగడంతో తీగలు పైకి లేచి, వాటి కింద నా చిటికెన వేలు దూరేంత సందు. ఎంత నొక్కినా తీగ కొయ్యకు ఆనదు. వేళ్లకు గాట్లు పడ్డాయే కానీ స్వరం రాలేదు.

నాయన గిటారును ఒళ్లో పడుకోబెట్టుకుని, మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రంలోంచి కీ దూర్చి, ఊపిరి బిగబట్టి రవ్వంత తిప్పాడు. లోపల కొయ్య కిర్రుమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం...

"సాలు. ఇంగ రేపు" అన్నాడు.

"ఇంకొంచిం తిప్పు నాయనా!"

"కొయ్య పాపా అది. సర్దుకోనీ. తొందరపడితే ఇరిగి సేతికొస్తాది."

రేపు! ఆ మాటంటేనే నాకు ఒళ్లుమంట. బడి నుంచి పరిగెత్తుకొచ్చి, సంచీ అయినా దించకుండా, తీగ కింద దువ్వెన పెట్టి చూసేదాన్ని. సందు తగ్గిందా, తగ్గలేదా... నీళ్లు తాగొచ్చి మళ్లీ, దొడ్లోకి పోయొచ్చి మళ్లీ. రోజూ రవ్వంత తిప్పడం, రోజూ "రేపు" అనడం. అక్కడ క్యాలెండరులో అమావాస్య గబగబా దగ్గరికొచ్చేస్తోంది. అవ్వ అయితే "మగ్గాల మోత సాలదని ఇదొకటి తెచ్చినారు" అని మూతి తిప్పుకునేది.

అమావాస్య ముందురోజు బడి నుంచి వచ్చి తీగ నొక్కాను... ఆనింది! శుభ్రంగా, ఖంగుమని పలికింది. ఆర్కెస్ట్రావాళ్లు వాయించిన పాటలో ఒక ముక్క, ఒక్క తీగమీదే తడుముకుంటూ పట్టేశాను. నాయన మగ్గం దగ్గర పనిలో మునిగి ఉన్నాడు. "తెల్లారి వింటాలే పాపా" అన్నాడు.

తెల్లారి గిటారు తీసి మీటితే... తీగలన్నీ బట్టలారేసే తాళ్లలా వేలాడుతున్నాయి. మళ్లీ శ్రుతి చేయడం నాకు రాదు, నాయనకూ రాదు. అంగడాయన చేసి ఇచ్చిందే మాకు దిక్కు. ఏడుపు ఆగలేదు.

"ఎవురు ముట్టుకున్నారు దీన్ని?" అని అరిచాడు నాయన.

అవ్వ వక్క నములుతూ, "నేనే" అంది. "అమావాస్య గదరా. మగ్గాల మాదిరే దీనికీ వదులు సేసినా. దినామూ బిగుసుకోనుండాదే, దానికి మాత్రం నొప్పుండదా?"

చేతిమగ్గం కాలం నుంచీ మా అవ్వకు అదొక పట్టింపు. అమావాస్య ముందు సాయంత్రం మగ్గంమీది పడుగు దారాలు వదులు చేయాలి, కొయ్యకు బొట్టు పెట్టాలి. అలా చేస్తేనే మగ్గానికి సెలవు ఇచ్చినట్టు.

నాయన గిటారును పాత చీరలో చుట్టడం మొదలుపెట్టాడు. బస్సు టైమవుతోంది. నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను... చుట్టడం పైదాకా వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. గిటారు తలమీద, తీగలు బిగించే మరల మధ్యన, పసుపు. ఆ పసుపుమీద కుంకుమ బొట్టు.

"బొట్టు గూడా పెట్టినావామ్మా?"

"మగ్గానికి పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్లరా?"

నాయన నవ్వేశాడు. చుట్టిన చీర విప్పేశాడు.

"మా అమ్మ దీన్ని మగ్గాల్లో కలిపేసింది పాపా. మగ్గాన్ని ఎవురన్నా వాపసిస్తారా? శ్రుతి ఆ ఆర్కెస్ట్రావాళ్లనడిగి చేయించుకుందాంలే."

నేను పోయి అవ్వను ఎంత గట్టిగా వాటేసుకున్నానంటే, నోట్లో వక్క కింద పడిపోయింది. దానికీ తిట్టింది...

ఇప్పుడు అవ్వ లేదు. మా మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. గిటారు మాత్రం తిరుపతిలో నా దగ్గరే ఉంది. అమావాస్య వస్తే అవ్వలాగే దానికి బొట్టు పెట్టి, తీగలు వదులు చేస్తాను. ఇలా నెలనెలా వదిలేసి బిగిస్తే మెడ నిలవదని మా అమ్మాయికి గిటారు నేర్పే మాస్టారు మొత్తుకుంటాడు. నిజమే... అమావాస్య పోయాక కొన్నాళ్లు అది జీరగా పలుకుతుంది. అది సర్దుకునేదాకా నేను దువ్వెన పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ ఉంటాను. అయినా మానలేను. మానితే అవ్వ చెయ్యి వదిలేసినట్టు ఉంటుంది నాకు.

మొన్న నగరి పోయాను. మామూలు రోజే... వీధి వీధంతా చప్పుడు లేదు. ఒకప్పుడు అమావాస్యకు మాత్రమే అలా ఉండేది.

మీ ఇంట్లో కూడా పండక్కో, అమావాస్యకో సెలవు ఇచ్చే వస్తువు ఏదైనా మిగిలి ఉంటే చెప్పండి... మా గిటారు ఒంటరిదైపోయింది, తోడు దొరుకుతుంది.