తగ్గిందనుకున్న జ్వరం

మా మేనత్త కోల్‌కతా ఆసుపత్రిలో పోయిందని మొన్న పొద్దున్న మా బావ ఫోన్ చేశాడు. ఆ కబురు వస్తుందని నాకు ముందే తెలుసు.

బెంగాల్లో మా ఊరు ఖరగ్‌పూర్. అక్కడి గోల్‌బజార్‌లో ఆవిడది చీరల కొట్టు. మా వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా కొట్టు బావకి అప్పజెప్పి వెంట వెళ్లేది. డాక్టర్లతో బెంగాలీలో ఆవిడే మాట్లాడేది. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే పక్కన కూచుని జావ తాగించింది. ఈ ప్రాణం ఆవిడ చలవే. "నొప్పిని దాసుకుంటే అద్దె కట్టకుండా ఉండిపోతాదే," అనేది. తన నొప్పి మాత్రం దాచుకుంది.

దసరాకి, దుర్గాపూజల ముందు, అత్తకి విరేచనాలు పట్టుకుని జ్వరం వచ్చింది. మాత్ర వేసుకుంటే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. నడుం నొప్పి కూడా మొదలైతే, మూటలు ఎత్తినందుకేనంది. పండగ బేరాలయ్యాక చూపించుకుంటానంది. ఒక మధ్యాహ్నం కొట్లో నా చెయ్యి తీసి బొడ్డు మీద పెట్టుకుంది.

"ఇక్కడేటో కొట్టుకుంతంది, సూడే."

నా అరచేతి కింద ఒక గడ్డ, నాడితో పాటే పైకి తంతోంది. చెయ్యి లాగేసుకున్నాను.

మా ఊళ్లోనే ఇందా అనే పేటలో డాక్టర్ ఆ గడ్డని ఒక్కసారి ముట్టుకుని మరి నొక్కలేదు. స్కాన్ చూశాక మమ్మల్ని బయటికి పిలిచాడు. క్రిములు రక్తంలో చేరి, గుండె నుంచి కిందికొచ్చే పెద్ద రక్తనాళం గోడని తినేస్తున్నాయట. గోడ ఉబ్బిపోయిందట, ఏ క్షణానైనా పగలొచ్చట. వెంటనే కోల్‌కతా తీసుకుపొమ్మన్నాడు.

అంబులెన్స్‌లో యాంటీబయాటిక్ ఎక్కుతూనే ఉంది. కోలాఘాట్ వంతెన దాటాక అత్త ముఖం తెల్లబడింది. "లోపలేటో తెగినట్టుందే," అంది మెల్లగా.

దిగగానే ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. కుళ్లిన ముక్క తీసేసి, దాని బదులు గొట్టం వేసి కుట్టారు. బతికింది. కళ్లు తెరిచి, మేం తిన్నామా అని అడిగింది. సర్జన్ మాత్రం నవ్వలేదు. రక్తంలో క్రిమి ఏమాత్రం మిగిలినా ఆ గొట్టాన్నే పట్టుకుంటుందని, వారాల తరబడి మందు ఎక్కించాలని చెప్పాడు.

గాయం మానుతోందనుకుంటుండగా మళ్లీ చలి పుట్టి జ్వరం వచ్చింది. క్రిమి గొట్టాన్ని పట్టుకుందట. ఇంకోసారి కోయడానికి ఒంట్లో సత్తువ లేదన్నారు. నేను ఊరికి బయల్దేరుతుంటే అత్త కిటికీ మూసెయ్యమంది, వాన వస్తాదని. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. మూశాను. అద్దంలో నా వెనక మంచం కనిపించింది. అత్త నన్ను చూడటం లేదు. ఎవరో పిలిచినట్టు తలుపు వైపు చూస్తోంది.